కూలర్ ఫ్యాన్ ఆగిపోతే: కండెన్సరా, రివైండింగా, కొత్త మోటారా?

శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, రామగుండం ఇళ్లలో మూలకు పెట్టిన కూలర్లన్నీ కిటికీల దగ్గరికి వస్తాయి. నీళ్లు పోసి స్విచ్ వేస్తే పంపు నడుస్తుంది, గడ్డి తడుస్తుంది, ఫ్యాన్ మాత్రం గుయ్యిమని మూలుగుతూ కదలదు. షాపుకు తీసుకెళ్తే ఒకరు ఫ్యాన్‌ను బయల్దేరేలా చేసే కండెన్సర్ పోయిందంటారు, ఇంకొకరు మోటార్ లోపలి తీగ చుట్లు, అంటే వైండింగ్, కాలింది, తీగ మళ్లీ చుట్టించాలి (రివైండింగ్) అంటారు, మరొకరు ఇది పాత మాల్, కొత్త మోటార్ వేసుకోండంటారు. ముగ్గురు చెప్పేదాంట్లో ఖర్చు తేడా పది ఇరవై రెట్లు ఉంటుంది.

ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఎంపిక తేలదు. మోటార్ ఎందుకు ఆగిందో ముందు తెలియాలి. కారణం అలాగే ఉంచి కొత్త మోటార్ బిగిస్తే రోహిణి కార్తె దాటకముందే అదీ కాలుతుంది. అందుకే పరీక్షలతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఏ దారి ఎవరికి సరిపోతుందో చెబుతున్నాం.

షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే చూడాల్సినవి

ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే పాత బోర్డుల్లో స్విచ్ న్యూట్రల్‌లో ఉండి ఫేజ్ నేరుగా కూలర్‌లోకి వచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తొట్టి ఖాళీ చేసి వెనక గడ్డి చట్రం తీస్తే మోటార్ ఎదురుగా కనిపిస్తుంది.

రెక్కను వేలితో తిప్పండి. బాగున్న మోటార్ అయితే తేలిగ్గా కొన్ని చుట్లు తిరిగి మెల్లగా ఆగుతుంది. ఒక చుట్టు కూడా పూర్తికాకుండా పట్టేసినా, గరగరమన్నా లోపం, రెక్క బిగించిన కడ్డీని (షాఫ్ట్) మోసే బేరింగ్‌లోనో బుష్‌లోనో ఉంది. తర్వాత షాఫ్ట్ పట్టుకుని కదపండి. ముందుకూ వెనక్కూ కొంచెం జరగడం మామూలే. పైకీ కిందికీ ఆడితే మాత్రం బుష్ అరిగినట్టు. లోపల తిరిగే రోటార్‌కూ చుట్టూ ఉండే స్టేటర్‌కూ మధ్య ఖాళీ సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. బుష్ ఆ మాత్రం అరిగితే రోటార్ ఒక పక్కకు ఒరిగి స్టేటర్‌ను రాసుకుంటుంది. మోటార్ విప్పినప్పుడు రోటార్ మీద ఒకచోట అద్దంలా మెరిసే గీత కనిపిస్తే జరిగింది అదే.

రెక్క తేలిగ్గా తిరుగుతోంది, కరెంటు ఇస్తే మూలుగుతోంది, కానీ బయల్దేరట్లేదు అంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌నే. జాలీ బిగించే ఉంచి, సందులోంచి పొడి కర్రపుల్లతో రెక్కను ఒక పక్కకు నెట్టండి. నెట్టిన వైపే తిరగడం మొదలుపెట్టి వేగం అందుకుంటే కండెన్సర్ బలహీనపడినట్టు, లేదా దానికి వెళ్లే వైరు తెగినట్టు. వేలు పెట్టే ప్రయత్నం అస్సలు చేయకండి. నాలుగైదు సెకన్లలో కదలకపోతే ప్లగ్ తీసేయండి. ఆగి ఉన్న మోటార్‌లోకి కరెంటు పోతూ ఉంటే వైండింగ్ నిమిషాల్లోనే వేడెక్కుతుంది. ఆగిన ఫ్యాన్‌ను అలాగే ఆన్‌లో వదిలి ‘కాసేపటికి అదే తిరుగుతుందిలే’ అనుకోవడం వల్లే వంద రూపాయల లోపు రిపేరు రివైండింగ్ దాకా వెళ్తుంది.

మూలుగు కూడా లేదు, అసలు చలనమే లేదు అంటే ప్లగ్, వైరు, రోటరీ స్విచ్ వరుసగా చూడాలి. ఒక స్పీడులో నడిచి ఇంకో స్పీడులో నడవకపోతే లోపం చాలాసార్లు స్విచ్‌లోనే ఉంటుంది. కూలర్‌లోని చెమ్మకు స్విచ్ లోపలి ఇత్తడి పత్తీలు పచ్చబారి, నల్లబడిపోతాయి. స్విచ్ బాగుండి మోటార్‌లోనే కరెంటు దారి తెగిందని మల్టీమీటర్ చూపితే, వైండింగ్ కాలిందని అప్పుడే తేల్చేయకండి. చాలా మోటార్లలో కాయిల్ మీద, టేపు కింద, చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. మోటార్ హద్దుమీరి వేడెక్కితే అది తెగిపోయి మంట రాకుండా కాపాడుతుంది. కాయిల్ రంగు మారకుండా, మాడు వాసన లేకుండా ఉంటే ఆ ఫ్యూజ్ ఒక్కటే పోయి ఉండొచ్చు. అదే డిగ్రీల కొత్త ఫ్యూజ్ వేయించండి. దాన్ని తీసేసి వైర్లు నేరుగా కలిపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాత్రంతా ఇంటిల్లిపాదీ పడుకునే గదిలో నడిచే యంత్రం ఇది.

చివరగా వైండింగ్‌కూ మోటార్ బాడీకీ మధ్య పరీక్ష. వైండింగ్ షాపులో ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ ఉంటుంది. దాంట్లో ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ మోటార్‌ను వాడకూడదు, బాడీకి షాక్ వస్తుంది. వానాకాలమంతా మేడ మీద తడిసిన కూలర్లలో ఇది సాధారణం. అయితే తక్కువ రాగానే రివైండింగ్‌కు ఇవ్వనక్కర్లేదు. మోటార్ విప్పి ఒకట్రెండు రోజులు మంచి ఎండలో పెట్టి మళ్లీ కొలిపించండి. చెమ్మ మాత్రమే అయితే అంకె లేస్తుంది. ఎండాక కూడా లేవకపోతే ఇన్సులేషన్ పోయినట్టే.

కండెన్సర్: చవకైంది, కానీ అంకె తప్పితే చేటు

కండెన్సర్ ఒంటి మీద 2.5, 4, 6 అని ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) అంకె, పక్కన 440 వోల్టులు అని ఉంటుంది. కెపాసిటీ చూపే మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే కొలవొచ్చు. 4 ఎంఎఫ్‌డీ ఉండాల్సింది 3.5 చూపితే మార్చేయాల్సిందే. 5 శాతం అటూ ఇటూ ఉండటం తయారీలోనే ఉంటుంది, 10 శాతం దాటి పడిపోతే మోటార్ బలం తగ్గుతుంది. విప్పే ముందు, ప్లగ్ తీశాక, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కొసలను ఒకసారి కలపండి. లోపల మిగిలిన కరెంటు చిటుక్కుమని పోతుంది.

పాతదాని మీద ఏ అంకె ఉందో అదే వేయాలి. వేగం పెరుగుతుందని 4 తీసి 6 వేసేవాళ్లు ఉన్నారు. మొదట్లో గాలి పెరిగినట్టే ఉంటుంది. నిజానికి పెరిగేది, కండెన్సర్‌తో కలిపి ఉండే సహాయక వైండింగ్‌లోకి పోయే కరెంటు. ఆ వైండింగ్ తీగ సన్నది, అంత కరెంటు ఓర్చుకునేలా చుట్టింది కాదు. మోటార్ ఒళ్లు కాలుతూ కాలుతూ ఆ ఎండాకాలంలోనే వైండింగ్ పోతుంది. పాత అంకె చెరిగిపోయి ఉంటే మోటార్ ప్లేటు మీద చూడండి, అక్కడ రాసి ఉంటుంది.

కొత్త కండెన్సర్‌తో ఫ్యాన్ మునుపటి వేగం అందుకుని, గంట నడిచాక కూడా అదే వేగంలో ఉంటే ఇంకేం చేయించనక్కర్లేదు. అరగంట బాగా తిరిగి తర్వాత నెమ్మదిస్తే వేడికి బేరింగ్ బిగుసుకుంటోందనో, కాయిల్‌లో కొన్ని చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయనో అర్థం.

బేరింగ్ మార్పించుకోవడం ఎప్పుడు లాభం

శబ్దం, ఊగడం, బరువుగా తిరగడం వంటి జబ్బులకు బేరింగ్ మార్పు సరిపోతుంది, వైండింగ్ జోలికి వెళ్లాల్సిన పని లేదు. ఇనుప రేకు కూలర్ల బలమైన మోటార్లలో బాల్ బేరింగులు ఉంటాయి. బేరింగ్ అంచు మీదే నంబర్ చెక్కి ఉంటుంది. చిన్న మోటార్లలో ఎక్కువగా కనిపించేవి మూడు: 6201 లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, 6202కు 15, 6203కు 17. నంబర్ ఒకటే అయినా రకాలు వేరు. జెడ్‌జెడ్ అని ఉన్నదానికి ఇనుప మూత ఉంటుంది, 2ఆర్‌ఎస్ అని ఉన్నదానికి రబ్బరు సీలు. కూలర్‌లో రోజంతా తడిగాలి తిరుగుతుంది కాబట్టి 2ఆర్‌ఎస్ అడిగి తీసుకోండి. రబ్బరు సీలు ఉన్నది చెమ్మను లోపలికి రానివ్వదు, గ్రీజు కడుక్కుపోదు. రెండు వైపులా ఒకేసారి మార్పించాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది ఉంటే షాఫ్ట్ ఒక పక్కకు లాగి కొత్తది కూడా తొందరగా పోతుంది.

ప్లాస్టిక్ కూలర్లలో వచ్చే చిన్న మోటార్లలో చాలావాటికి కంచు బుష్‌లుంటాయి. ఇవి నూనె పీల్చుకుని ఉండే రకం. సీజన్ మొదట్లో కుట్టుమిషన్ నూనె నాలుగైదు చుక్కలు బుష్ పక్కనున్న ఫెల్ట్ మీద వేస్తే చాలాకాలం వస్తాయి. కొబ్బరినూనె, వంటనూనె వేయకండి, అవి వేడికి జిగటగా మారి షాఫ్ట్‌ను పట్టేస్తాయి. గ్రీజు బుష్ లోపలి సన్న రంధ్రాల్లోకి వెళ్లదు. బుష్ అరిగిపోతే దాన్ని తీసి కొత్తది సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టే పనిమంతులు అన్ని ఊళ్లలో లేరు. చిన్న మోటార్‌కు అంత శ్రమ పెట్టడం కంటే మోటారే మార్చడం నయం.

రివైండింగ్: ఏ మోటార్‌కు తగుతుంది, ఏం అడిగి చేయించాలి

వరంగల్, జనగామ, పరకాల, హుజూరాబాద్ లాంటి ఊళ్లలో వైండింగ్ షాపులకు కొదవ లేదు. వాటికి ప్రధానమైన పని బోరు మోటార్లు, బావి మోటార్లు. యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజుల్లో లో వోల్టేజీకి వ్యవసాయ మోటార్లు కాలి షాపు ముందు వరుసకట్టి ఉంటాయి, కూలర్ మోటార్ వాటి వెనక పడుతుంది. జనవరిలోనో, ఫిబ్రవరి మొదట్లోనో ఇస్తే పని నిదానంగా, శ్రద్ధగా జరుగుతుంది. ఏప్రిల్‌లో ఇస్తే హడావుడిలో వార్నిష్ ఆరకముందే చేతికి వస్తుంది.

రివైండింగ్ తగేది బరువైన ఇనుప బాడీ, బాల్ బేరింగులు, నిటారు షాఫ్ట్ ఉన్న మోటార్‌కు. ఆ రేకు, ఆ షాఫ్ట్ ఇప్పుడు వచ్చే చవక మోటార్లలో దొరకవు. రాగి తీగతో సరిగ్గా చుట్టిస్తే మళ్లీ చాలా ఏళ్లు నడుస్తాయి. రేటు విషయంలో మా లెక్క ఇది: రివైండింగ్, బేరింగులు, కండెన్సర్ మూడూ కలిపి, అంతే బలమున్న కొత్త రాగి మోటార్ ధరలో సగం దాటకపోతే చుట్టించండి. సగం దాటితే కొత్తదే మేలు. షాపులో ఒక్క వైండింగ్ ధరే చెప్పి, తర్వాత మిగతావి కలిపితే లెక్క తప్పుతుంది కనుక మొత్తం ముందే అడగండి.

చుట్టించేటప్పుడు కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి. పాత కాయిల్ చుట్ల సంఖ్య, తీగ గేజీ లెక్కపెట్టి అదే వేయమనండి. చుట్లు తగ్గిస్తే మోటార్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, పెంచితే బలం చాలదు. పాత తీగను తీయడానికి స్టేటర్‌ను మంటలో పడేయొద్దని చెప్పండి. స్టేటర్ అంటే పలచని రేకుల దొంతర. రేకుకూ రేకుకూ మధ్య సన్నని ఇన్సులేషన్ పూత ఉంటుంది. మంటకు అది కాలిపోతే ఆ రేకుల్లోనే కరెంటు సుళ్లు తిరిగి, ఎంత మంచి రాగి చుట్టినా మోటార్ వేడిగానే ఉంటుంది. కాయిల్ ఒక వైపు కోసి, రెండో వైపు నుంచి లాగడం సరైన పద్ధతి. స్లాట్లలో కొత్త ఇన్సులేషన్ పేపర్ వేయాలి. చుట్టడం అయ్యాక వార్నిష్ పైపైన కుంచెతో పూస్తే చాలదు, కాయిల్ లోపలికి దిగేలా పోసి బాగా ఆరబెట్టాలి. కూలర్‌లో చెమ్మ నుంచి తీగను కాపాడేది ఆ వార్నిషే.

తీగ రాగా, అల్యూమినియమా అన్నది ఎర్ర రంగు చూసి నమ్మకండి. అల్యూమినియం తీగకూ ఎర్రటి ఎనామెల్ పూత వేస్తారు. మిగిలిన ముక్క అడిగి కొస కత్తిరించి చూడండి. తెగినచోట లోపలిదాకా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎర్రగా, నడుమ తెల్లగా ఉంటే రాగి పూసిన అల్యూమినియం. రెండు ముక్కలు అరచేతిలో పెట్టుకున్నా తెలుస్తుంది, ఒకే మందం, ఒకే పొడవు ఉంటే రాగి మూడు రెట్లకు పైగా బరువు.

తీసుకునే ముందు షాపులోనే, రెక్క బిగించి గంట నడిపించమనండి. 180 వాట్ల మోటార్ 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ లోపే తీసుకోవాలి, క్లాంప్ మీటర్ పెడితే క్షణంలో తెలుస్తుంది. రెక్క లేకుండా తిప్పి చూపించే పరీక్షకు విలువ లేదు. మోయాల్సిన బరువు గాలి, ఆ గాలిని నెట్టేది రెక్క.

కొత్త మోటార్: పాతదాన్ని, రెక్కను వెంట తీసుకెళ్లండి

‘కూలర్ మోటార్ ఇవ్వండి’ అని వట్టి చేతులతో వెళ్తే సగంసార్లు తిరిగి వెళ్లాల్సి వస్తుంది. షాఫ్ట్ మందం, షాఫ్ట్ పొడవు, దాని మీద చదును ఉందా లేదా, మోటార్ కింద కాళ్లున్న రకమా లేక ముఖం మీద నాలుగు బోల్టులతో బిగించే రకమా అన్నవన్నీ కలవాలి. రేకు కూలర్లకు ఎక్కువగా కాళ్లున్నవి, ప్లాస్టిక్ కూలర్లకు ఎక్కువగా ముఖం బిగింపువి. కలవని మోటార్‌కు కొత్త రంధ్రాలు వేసి, పట్టీలు అడ్డం పెట్టి బిగిస్తే రెక్క రింగు మధ్యలో నిలవదు, వణుకు మొదలవుతుంది.

వీటికంటే ఎక్కువ మోటార్లను కాల్చేవి రెండున్నాయి: నిమిషానికి చుట్లు, రెక్క సైజు. ప్లేటు మీద ఆర్‌పీఎం చూడండి. 1,400 దగ్గర ఉంటే నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటార్, 900 దగ్గర ఉంటే ఆరు పోళ్లది. ఫ్యాన్ అడిగే బలం వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. 900 మోటార్‌కు చేసిన వెడల్పాటి రెక్కను 1,400 మోటార్‌కు తగిలిస్తే, ఆ వేగం అందుకోవడానికి అది దాదాపు నాలుగు రెట్ల బలం అడుగుతుంది. మోటార్ అంత ఇవ్వలేదు, లాగలేక లాగుతూ కాలుతుంది. రెక్క సైజు ఇంకా తీవ్రం. వ్యాసం పెరిగితే బలం ఐదో ఘాతంలో పెరుగుతుంది. 16 అంగుళాల రెక్క తీసి అదే ఆకారంలో 18 అంగుళాలది వేస్తే, అదే వేగానికి 1.8 రెట్ల బలం కావాలి. గాలి బాగా రావాలని పెద్ద రెక్క వేయించుకున్న ఇళ్లలో మోటార్లు ఏటా కాలడానికి కారణం వేరే వెతకనక్కర్లేదు.

తిరిగే దిశ కూడా చూసుకోవాలి. పాత మోటార్ విప్పేముందు బాడీ మీద మార్కర్‌తో బాణం గీయండి. కొత్తది ఎదురు తిరిగితే గాలి గదిలోకి రాకుండా గడ్డి వైపు పోతుంది. సహాయక వైండింగ్ కొసలు రెండూ బయటికి తెచ్చిన మోటార్ అయితే వాటిని తారుమారు చేస్తే దిశ మారుతుంది. అలా లేని మోటార్‌ను షాపులోనే తిప్పి చూసుకుని తీసుకోవాలి. వైరు రంగులు కంపెనీకొక తీరుగా ఉంటాయి, పాత రంగులు చూసి కొత్తవి కలిపేయకండి. మోటార్ మీదో, డబ్బా మీదో ఉన్న బొమ్మే ప్రమాణం.

రాగి మోటార్ కొనాలా, అల్యూమినియందా? అల్యూమినియం రాగిలో 61 శాతమే కరెంటును మోస్తుంది. అదే స్లాట్‌లో అంతే తీగ కుదిస్తే వేడి ఎక్కువ పుడుతుంది. పైగా దాని జాయింట్లు చెమ్మకు తుప్పు పొర పట్టి వదులవుతాయి. రోజుకు నాలుగైదు గంటలు, రెండు నెలలు నడిచే చిన్న ప్లాస్టిక్ కూలర్‌కు అల్యూమినియం మోటార్ వేసుకున్నా నష్టం లేదు, ధర తక్కువ. రాత్రంతా నడిచే పెద్ద కూలర్‌కు, దుకాణానికి, ఎండ నేరుగా తగిలే రేకుల ఇంటికి మాత్రం రాగి మోటారే వేయండి, బిల్లు మీద ‘కాపర్ వైండింగ్’ అని రాయించుకోండి.

బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ) మోటార్ ఎవరికి

సీలింగ్ ఫ్యాన్లలో చూస్తున్నాం: మామూలుది 75 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటే బీఎల్‌డీసీది 30 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది. కూలర్లకూ ఈ రకం మోటార్లు వస్తున్నాయి. వీటికి కండెన్సర్ ఉండదు, ఎలక్ట్రానిక్ బోర్డు నడిపిస్తుంది.

లాభం లెక్క వేసుకోండి. 180 వాట్ల మోటార్ రోజుకు 12 గంటలు నడిస్తే నెలకు దాదాపు 65 యూనిట్లు. 90 వాట్లదైతే దాదాపు 32. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంట్లో ఈ 32 యూనిట్లకు విలువ చాలా ఎక్కువ. నెల వాడకం 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది కాబట్టి, మే నెలలో 190, 210 మధ్య ఊగే ఇళ్లకు తక్కువ వాట్ల మోటార్ వల్ల అసలు లాభం అక్కడే వస్తుంది. ఇన్వర్టర్ మీద కూలర్ నడపాల్సిన ఇళ్లకూ ఇదే సరైనది. చవక ఇన్వర్టర్ల చదరపు తరంగం మీద మామూలు మోటార్ గుయ్యిమంటూ వేడెక్కుతుంది.

నష్టం బోర్డులో ఉంది. తడిగాలిలో బిగిస్తే దాని ఆయుష్షు తక్కువ. బోర్డును తొట్టి పక్కన కాక, ముందు ప్యానెల్ వెనక పొడిచోట పెట్టే వీలుంటేనే తీసుకోండి. అది చెడితే గల్లీ మెకానిక్ బాగుచేయలేడు, బోర్డు మొత్తం మార్చాలి. అందుకే ఆ కంపెనీ బోర్డు విడిగా మీ ఊళ్లో దొరుకుతుందో లేదో కొనకముందే అడిగి తెలుసుకోండి. దొరకదంటే, ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు లోపలి ఊళ్లలో ఉండేవాళ్లు మామూలు రాగి మోటారే వేసుకోవడం మంచిది.

కారణం పోకపోతే ఏ మోటారూ నిలవదు

కాలిన మోటార్ బయటికి తీశాక కూలర్‌ను ఒకసారి చూడండి. గడ్డి మీద తెల్లటి ఉప్పు పొర గట్టిపడి ఉందా? బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఒక్క సీజన్‌కే ఇలా అవుతుంది. గాలి దారి మూసుకుపోతే ఫ్యాన్ మీద బరువు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇలాంటి రెక్కల ఫ్యాన్‌కు జరిగేది తిరగబడి ఉంటుంది. దారి మూసుకున్నకొద్దీ మోటార్ మీద భారం పెరుగుతుంది, పైగా మోటార్‌ను చల్లబరిచే గాలి కూడా తగ్గుతుంది. గడ్డి మార్చకుండా మోటార్ మార్చడం దండగ ఖర్చు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చే ఇళ్లలో కూలర్‌కు అవే పోయండి, బోరు నీళ్లే దిక్కయితే వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కడగండి. రోజూ పై నుంచి నింపుతూ పోతే నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం తొట్టిలో చిక్కబడుతూ ఉంటుంది.

మోటార్ మీద నీళ్ల చారలున్నాయా? గడ్డి చిరిగినచోట నుంచో, పై ట్రే రంధ్రాలు పూడి పొంగడం వల్లో చుక్కలు మోటార్ మీద పడుతుంటాయి. వైరు వెంట జారి కూడా నీళ్లు లోపలికి వెళ్తాయి. మోటార్‌లోకి వెళ్లే వైరును ముందు కిందికి వేలాడేలా వంపు తిప్పి, తర్వాత పైకి తీసుకెళ్తే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

సాయంత్రం ఏడు నుంచి పది దాకా వోల్టేజీ ఎంత ఉంటోందో కూడా కొలవండి. మోటార్ తిప్పే బలం వోల్టేజీ వర్గం లెక్కన పడిపోతుంది. 230 ఉండాల్సింది 180కి దిగితే మిగిలేది 61 శాతం బలమే. అప్పటికే కండెన్సర్ బలహీనంగా ఉంటే ఫ్యాన్ బయల్దేరదు. అలాంటి ఊళ్లలో కూలర్‌ను పెద్ద స్పీడులో మొదలుపెట్టి, తిరిగాక తగ్గించుకోవాలి. చిన్న స్పీడులో ఆన్ చేస్తే మోటార్‌కు లేచే బలం చాలదు.

బిగించడం

పాత రెక్క తుప్పుతో షాఫ్ట్‌కు అతుక్కుపోయి ఉంటుంది. రెక్కను షాఫ్ట్‌కు బిగించే చిన్న గ్రబ్ స్క్రూ వదులు చేసి, చుట్టూ కిరోసిన్‌గానీ తుప్పు వదిలించే స్ప్రేగానీ వేసి ఒక రాత్రి వదిలేయండి. షాఫ్ట్ కొస మీద సుత్తితో కొట్టొద్దు. బేరింగులో గుంటలు పడతాయి, షాఫ్ట్ వంగుతుంది, ఆ మోటార్ రివైండింగ్‌కు కూడా పనికిరాకుండా పోతుంది. పుల్లర్ లేకపోతే షాపులోనే తీయించుకోండి. విప్పేముందు వైర్లకు ఫోన్‌తో ఫొటో, రెక్క రింగులోకి ఎంత లోతు ఉందో స్కేలుతో కొలత, ఈ రెండూ తీసి పెట్టుకోండి.

కొత్త మోటార్‌ను రబ్బరు వాషర్లు వేసి బిగించి, రెక్కను పాత లోతులోనే పెట్టి, గ్రబ్ స్క్రూ సరిగ్గా షాఫ్ట్ చదును మీద పడేలా బిగించండి. చేత్తో తిప్పుతూ రింగుకూ రెక్క కొసకూ మధ్య ఖాళీ చుట్టూ ఒకేలా ఉందా చూడండి. ఒక రెక్క మాత్రమే దగ్గరగా వస్తే ఆ రెక్క వంగినట్టు, అన్నీ ఒకేచోట దగ్గరైతే మోటార్ మధ్యలో లేనట్టు. వంగిన రెక్కను చేత్తో సరిచేసి నడపకండి. బరువు తేడా వల్ల పుట్టే వణుకు కొత్త బేరింగులను ఒక్క సీజన్‌లో తినేస్తుంది. రెక్కల సెట్ మార్చండి.

ఎర్తింగ్ లేకుండా ఇనుప రేకు కూలర్ నడపొద్దు. ప్రతి ఎండాకాలం కూలర్ షాక్ కొట్టి ప్రాణాలు పోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి, నీళ్లు పోస్తూ తడి చేత్తో ముట్టుకున్నప్పుడే ఎక్కువ. మూడు పిన్నుల ప్లగ్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పచ్చ వైరు కూలర్ బాడీకి బోల్టుతో, రంగు గీకిన ఇనుము మీద, గట్టిగా బిగించి ఉండాలి. ఇంటి బోర్డులో ఆ వైరు నిజంగా భూమిలోకి వెళ్తోందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఇంకా మంచిది. నీళ్లు పోసేముందు ప్రతిసారీ ప్లగ్ తీయాలి, ఇంట్లో పిల్లలకూ ఇదే నేర్పాలి.

మొదట నీళ్లు లేకుండా, గడ్డి చట్రాలన్నీ బిగించి పది నిమిషాలు నడపండి. ప్లగ్ తీసి మోటార్ బాడీ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉండటం మామూలే, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే కండెన్సర్ అంకె, రెక్క సైజు మళ్లీ సరిచూడాలి. తర్వాత నీళ్లతో ఒక గంట నడిపి, మోటార్ మీద ఎక్కడైనా చుక్క పడుతోందేమో టార్చి వేసి చూడండి.

మొత్తం కూలరే మార్చాల్సింది ఎప్పుడు

మోటార్ కోసం కూలర్‌ను పారేయాల్సిన అవసరం చాలా అరుదు. తొట్టి అడుగు తుప్పుతో జల్లెడైపోయి, మోటార్ కూర్చునే పట్టీలు కదులుతుంటే, రింగు కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే మార్చండి. ఒక్క తొట్టే చెడితే వెల్డింగ్ షాపులో కొత్త అడుగు వేయిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ కూలర్‌లో మోటార్ బిగించే దిమ్మెలు పగిలితే మాత్రం అతికించినా నిలవవు, వణుకుకు మళ్లీ పగులుతాయి. దానికి కొత్త మోటార్ కొనకండి.

మోటార్ మార్చిన వారానికి ఒకసారి ప్లగ్ తీసి గ్రబ్ స్క్రూ, కింది బోల్టులు మళ్లీ బిగించండి. కొత్త రబ్బరు వాషర్లు మొదటి రోజుల్లో కొంచెం అణుగుతాయి, బోల్టులు వదులయ్యేది అప్పుడే. మృగశిర వచ్చి వానలు పడ్డాక కూలర్‌ను ఎండబెట్టి, మోటార్‌కు ప్లాస్టిక్ సంచి కాకుండా నూలు గుడ్డ చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ ఊరి వైండింగ్‌కు పడుతుంది. మూణ్నెల్లకోసారి రెక్కను చేత్తో పది చుట్లు తిప్పితే బేరింగులో గ్రీజు ఒకేచోట గడ్డకట్టదు.